దొరసానమ్మ మువ్వల పట్టెడ

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. రాజమండ్రిలో మిషను వాళ్ల ఆడపిల్లల బడిలో చిన్న తరగతికి అక్షరాలు నేర్పేదాన్ని. మా నాన్న కాలవ కింద ఒక పల్లెలో కామందు దగ్గర పాలేరు. మా ఇంటా వంటా బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే కనుక నా నడకలో కొంచెం దర్జా ఉండేదనుకుంటాను. బడిని నడిపే దొరసానమ్మగారికి ఆ దర్జా కంటిలో నలుసులా ఉండేది.

ఒక శనివారం పొద్దున్న నేను చేతినిండా ఆకుపచ్చ గాజులు వేసుకుని తరగతికి వెళ్లాను. పిల్లలు గాజులే చూస్తున్నారు గాని పలక చూడటం లేదు. దొరసానమ్మగారు గుమ్మంలో నిలబడి అంతా గమనించారు.

"పంతులమ్మా, ఈ తళుకులు మనకు తగవు. వాటిని తీసివేయుము," అన్నారు.

ఆవిడ తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి. అందుకని ఉప్పు అందుకోమన్నా ప్రవక్తలు పలికినట్టే ఉండేది. ముప్పయ్యిమంది పిల్లల ముందు ఒక్కొక్క గాజూ తీసి బల్లమీద పెట్టాను. ఒకటి చిట్లి మణికట్టు గీసుకుంది. గీత పెద్దదేం కాదు. మనసులో మాత్రం పెద్దదే పడింది.

ఆ సాయంత్రమే ఆవిడ బజారుకి ప్రయాణమయ్యారు. వాళ్ల దేశంలో ఉన్న చెల్లెలికి కాకినాడ రేవునుంచి ఓడలో కానుకలు పంపాలట. నన్ను తోడు రమ్మన్నారు. ఆవిడ తెలుగు కొట్లవాళ్లకి, వాళ్ల గబగబ తెలుగు ఆవిడకి తెలిసేది కాదు. తెలుగులోంచి తెలుగులోకి మార్చి చెప్పడం నా పని.

అది పైకప్పున్న బజారు. పైన పెంకులు, కింద నాపరాళ్లు, మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవగలిగినంత దారి. రెండువైపులా అరుగుల మీద కొట్లు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసకగానే ఉండేది. ఆ మసకలో పెద్దాపురం పట్టుచీరలు, బందరు అద్దకం దుప్పట్లు, రంగురంగుల జడకుచ్చులు, దంతపు దువ్వెనలు, లక్కపిడతలు. కొత్తబట్ట గంజివాసనా, పక్క కొట్లోని అత్తరువాసనా కలిసిపోయేవి.

బట్టలకొట్టు శెట్టిగారు దొరసానమ్మకి కుర్చీ వేయించారు. నేను కింద నిలబడ్డాను.

"వర్తకుడా, నా సహోదరికి పంపదగిన వస్త్రములను చూపుము," అన్నారావిడ.

శెట్టిగారు నావైపు తిరిగారు. "ఏమంటున్నారమ్మా?"

"చీరలు చూపించమంటున్నారండి. చెల్లెలుగారికి పంపడానికంట."

వంగపండు రంగు, చిలకపచ్చ, మిరపపండు ఎరుపు ఒకదానిమీద ఒకటి పరుచుకున్నాయి. సాదావి ఆవిడకి ఒక్కటీ ఆనలేదు. జరీ ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడికే వేలు వెళ్లేది. తళుకు సముద్రం దాటితే దోషం పోతుంది కాబోలు అనుకున్నాను. రెండు చీరలూ, అరడజను జడకుచ్చులూ తీసుకున్నారు. జడకుచ్చులు వాళ్ల దేశంలో కిటికీ తెరలకి కట్టుకుంటారని నాకు తర్వాత తెలిసింది.

బజారు చివర పశువుల సామాను అమ్మే కొట్టుంది. పగ్గాలు, ముకుతాళ్లు, కొమ్ములకి తొడిగే ఇత్తడి కుప్పెలు. దొరసానమ్మగారు అక్కడ ఆగిపోయారు. ఎర్రబట్ట కుట్టిన తోలుపట్టీ ఒకటి వేలాడుతోంది. దానిమీద మూడు వరుసల గవ్వలు, అంచున ఇత్తడి మువ్వలు. అలాంటిదానికి మా నాన్న పక్కన కూర్చుని చిన్నప్పుడు నేనే గవ్వలు ఎక్కించి ఇచ్చాను.

"దీనిని ఏమని పిలుతురు?"

"పట్టెడండి," అన్నాను.

అబద్ధం కాదు. ఆడవాళ్లు మెడకు బిగుతుగా పెట్టుకునే నగనీ పట్టెడే అంటాం, ఎద్దు మెడకు కట్టేదాన్నీ పట్టెడే అంటాం.

"కంఠమునకు మిక్కిలి పెద్దది గదా?"

"కొంచెం వదులేనండి."

ఆవిడ దాన్ని నడుముకు చుట్టి చూసుకున్నారు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. కొట్టతను నోరు తెరిచాడు. "అమ్మా, అది..."

"గట్టిదేనా అని అడుగుతున్నారండి," అన్నాను.

"గట్టిదేనండి. బురదలో పొర్లినా చెక్కు చెదరదండి."

"చాలాకాలం మన్నుతుందంటండి," అని దొరసానమ్మగారికి చెప్పాను.

బంగళా చేరేలోపు నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. బండిలో కూర్చున్నాక నా బోసి చేతులు కనిపించాయి. ఎలాగూ ఓడెక్కి పోయేదే కదా అని ఊరుకున్నాను.

కాని పట్టెడ ఓడెక్కలేదు. మర్నాడు ఆదివారం మిషను గుడికి ఆవిడ బూడిదరంగు గౌను మీద దాన్నే బిగించుకుని వచ్చారు.

మా గుడిలో సగంమంది పాలేళ్లూ, నాగలి పట్టినవాళ్లూ. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే మగవాళ్లవైపు చాపల మీద తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఆడవాళ్లు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ వెళ్లి హార్మోనియం ముందు కూర్చున్నారు. అది కాళ్లతో తొక్కే హార్మోనియం. తొక్కినప్పుడల్లా పట్టెడ గల్లుమంటోంది. కీర్తన ఎంత నెమ్మదిగా పాడినా వెనకాల బండి పరిగెడుతున్నట్టే ఉంది. నేను పాటపుస్తకంలో తల దూర్చేశాను.

ఆ ఆదివారం మా నాన్న కూడా వచ్చాడు. నెలకోసారి నన్ను చూడటానికి పడవలో ధవళేశ్వరం దాకా వచ్చి, అక్కణ్ణుంచి నడిచి వచ్చేవాడు. ఆ అలసటకి వెనకగోడకి చేరబడి కునుకు తీస్తున్నాడు. మువ్వల చప్పుడు చెవిన పడిందేమో, కళ్లు తెరవకుండానే నాగలి వెనకాల ఉన్నట్టు గట్టిగా అన్నాడు: "హేయ్, చాల్లోకి రా. ఎటు పోతున్నావ్?"

పాట ఆగిపోయింది. ముందు ఒక పిల్ల కిసుక్కుమంది. తర్వాత గుడి మొత్తం నవ్వింది. పాదిరిగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ప్రార్థన అయ్యాక నాన్నని వెనకదారిన పంపేద్దామని పరిగెత్తాను. అప్పటికే ఆయన దొరసానమ్మగారి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తప్పు కాయండమ్మగారూ. నిద్దట్లో మా ఎద్దనుకున్నానండి. పట్టెడ మాత్రం శానా బాగా కుట్టాడండి. మా కామందుగారి ఎలపటెద్దుకి అచ్చం ఇలాంటిదేనండి."

ఆవిడ నడుము వంక చూసుకున్నారు. తర్వాత నావంక చూశారు.

సాయంత్రం బంగళాకి పిలుపొచ్చింది. పట్టెడ బల్లమీద ఉంది.

"ఇది ఎద్దుదని నీవు యెరుగుదువా?"

"ఎరుగుదునండి." భయంలో నాకూ ఆవిడ భాషే వచ్చేసింది.

"నాతో ఏల చెప్పలేదు?"

"మీరు పేరు అడిగారండి. పేరు చెప్పాను."

ఆవిడ నా బోసి చేతుల వంక చూశారు. "గాజుల విషయమై నీకు కోపము వచ్చెనా?"

"వచ్చిందండి."

కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించానే అనుకున్నాను. తీరా ఇటు తిరిగేసరికి ఆవిడ కళ్లలో నీళ్లు నవ్వి నవ్వి వచ్చినవి. వెంటనే మొహం బిగించి అన్నారు: "ఇకమీదట నీవు నాతో బజారునకు రావలదు. నీ తండ్రి వచ్చును."

అదే నాకు పడ్డ శిక్ష. మర్నాడు మా నాన్న ఊరికి పోకుండా ఆగి, ఉతికిన పంచె కట్టుకుని ఆవిడ వెంట వెళ్లాడు. నేను బడిలో పిల్లల చేత గుణింతాలు దిద్దిస్తూ ఉండిపోయాను. అక్కడ జరిగింది ఆయన చెప్పగా విన్నదే.

అంతకుముందు మా నాన్న ఏ కొట్టుకి వెళ్లినా అరుగు కింద నిలబడేవాడు. గుడ్డ పైనుంచి విసిరితే పట్టుకునేవాడు. ఆ రోజు దొరసానమ్మగారు "ఈ పెద్దమనుష్యుడు నాకు ఆలోచన చెప్పును, ఇతనికి ఆసనము వేయుము" అన్నారట. మార్చి చెప్పడానికి నేను లేకపోయినా శెట్టిగారికి బాగానే అర్థమైంది. కొంచెం తటపటాయించి పరుపు మీద చోటిచ్చారు.

నాన్న కూర్చున్నాడు. ఒక చీర విప్పించాడు. పగ్గం చూసినట్టు రెండు చేతులతో లాగి చూశాడు, వాసన చూశాడు, ఇంకోటి తీయమన్నాడు. పట్టువి అయ్యాయి, నూలువి అయ్యాయి, దుప్పట్లు అయ్యాయి. కొట్టంతా రంగులతో నిండిపోయి శెట్టిగారి మోకాళ్లు కనిపించడం మానేశాయి. అప్పుడు మా నాన్న లేచి, "రంగు నిలవదేమోనండి" అని మెట్టు దిగేశాడు.

దారిలో దొరసానమ్మగారు అడిగారట. "అవి మంచి వస్త్రములే గదా. ఏల వలదంటివి?"

"అన్నీ బాగానే ఉన్నాయండమ్మగారూ. కూర్చోబెట్టి చూపిస్తుంటే ఇంకాసేపు చూడాలనిపించిందండి."

ఆవిడ గొడుగు చంకన పెట్టుకుని, ఆ పక్క కొట్టు మెట్లెక్కి, మా నాన్నకి ఆసనము వేయమన్నారట.