చప్పుడు లేని తెడ్డు

2016 సెప్టెంబరు పదకొండు, ఆదివారం. తెల్లవారుజాము నుంచీ ముసురు. కర్మన్‌ఘాట్‌లో మా వీధి మొగన వినాయక మండపం పరదాలు తడిసి, బరువెక్కి వేలాడుతున్నాయి. మేడమీది వాటాలో తల్లీకూతుళ్ళ వాదం మెట్లు దిగి నా వరండాలోకి వచ్చింది.

"ఆదివారం పూట ప్రార్థన ఇడిసిపెట్టి చెరువుల దేవులాడుడేందే? డోలక్ ఎవ్వలు కొట్టాలె? పాస్టరయ్య అడిగితే నేనేం చెప్పాలె?"

"సెలక్షన్ అయ్యేదాంకనే అమ్మా. తర్వాత నువ్వెట్ల చెప్తే అట్లనే వింట."

"నువ్వు విన్ననాడు సూర్యుడు మీర్‌పేట దిక్కున పొడుస్తడు!"

తల్లి రెబెక్క ఎల్.బి.నగర్‌లో ఒక దవాఖానలో ఆయా. కూతురు జోస్నా బడిలో నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ, ఆడపిల్లల డ్రాగన్ బోట్ జట్టులో సాధన చేస్తోంది. అది చాలా పొడవైన పడవ. ఇరవైమంది ఇద్దరిద్దరుగా కూర్చుని తెడ్లు వేస్తారు. ముక్కు దగ్గర ఒకరు డప్పు కొడతారు, తోక దగ్గర ఒకరు చుక్కాని పడతారు. దీనిని 'సర్పనౌక' అనవచ్చునని సూచిస్తూ నేనొక పత్రికకు ఉత్తరం వ్రాశాను. ప్రచురించలేదు. సమాసం నిర్దుష్టమైనదే, లోకానికి నిర్దుష్టతతో పని లేదు.

అక్టోబరులో రాష్ట్ర జట్టును ఎంపిక చేస్తారు. అందులో చోటు దొరకడం తప్ప ఆ పిల్లకు ఆ యేడు మరొక ధ్యాస లేదు. చివరకు రెబెక్క మెట్ల మీది నుంచే తీర్పు చెప్పింది: "సార్ తోడొస్తే పో. ఒక్కదానివైతే ఒద్దు." పదవీ విరమణ చేసినవానికి ఆదివారమూ సోమవారమూ ఒకటే కదా! గొడుగు తీసుకుని బయలుదేరాను.

సాధన జరిగేది నాదర్‌గుల్ దాటాక ఒక చెరువులో. శిక్షణ విమానమొకటి మబ్బు కింద గుండ్రంగా తిరుగుతోంది. శిక్షకుడు త్రినాథరావుది కాకినాడ. దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి ఇరవై ఏళ్ళయినా మాటలో గోదావరి గాలి పోలేదు.

"జోస్నా, నీళ్ళనలా కొడతావేంటమ్మా? అవేం పాపం చేశాయి?"

జోస్నా ముందు బల్లమీద కూర్చునే ఇంద్రాణి వెనుదిరిగి, "కొట్టనివ్వండి సార్. నాకు ఇంటికెళ్ళి స్నానం చేసే పని తప్పింది," అన్నది. పడవంతా నవ్వింది.

జోస్నా మాత్రం నవ్వలేదు. చిన్ననాటి నుంచి ప్రార్థనా మందిరంలో డోలక్ వాయించిన చెయ్యి అది. తాళం తప్పడమన్నది ఎరుగదు. చిక్కంతా అక్కడే. డోలక్‌కు బలమంతా చెయ్యి తాకిన క్షణంలో ఉంటుంది. తెడ్డుకు తాకినప్పుడు కాదు, మునిగిన తరువాత లాగడంలో ఉంటుంది. పైగా డప్పు కొట్టే మనిషి కూడా మొదటి జంట తెడ్లను చూసే కొడుతుంది; దెబ్బ చెవిన పడేసరికి తెడ్డు నీటిలో మునిగి ఉండాలి. జోస్నా కంటితో కాక చెవితో తెడ్డు వేస్తోంది. (తెడ్డు అన్నమాట వంటింట్లోనూ ఉన్నదే! గంజి కలిపేటప్పుడు మా అమ్మ కూడా చప్పుడు కానిచ్చేది కాదు.)

పెద్ద పడవలో ఈ దోషం దాగుతుంది. పందొమ్మిదిమంది బలం ఇరవయ్యో మనిషిని మోసుకుపోతుంది. అందుకని త్రినాథరావు ఒక చిన్న పడవ తెప్పించాడు. ఒక్క మనిషికే చోటు. డప్పు లేదు, చుక్కాని లేదు, ముందు ఎవరి వీపూ లేదు.

జోస్నా ఎప్పటివలె నీటిని కొట్టింది. ముక్కు ఎగిరిపడింది, పడవ కుడికి తిరిగి, ఆగి, తీరికగా ఆమెను నీళ్ళలో దింపింది. మోకాళ్ళదాకా బురదతో ఒడ్డెక్కి, "సార్, ఇది నా మాట వింటలేదు," అన్నది.

"అది వింటూనే ఉందమ్మా. నువ్వు చెప్పేదే అలా ఉంది," అన్నాడు త్రినాథరావు.

తరువాతి ఆదివారాలలో పడడం తగ్గింది, తుంపరలు తగ్గాయి. ఒకనాడు ఆమె తెడ్డు నీటిలోకి దిగినట్టే నాకు తెలియలేదు. పడవ మాత్రం గీత గీసినట్టు జారిపోయింది. ఆ సాయంత్రమే రెబెక్క బట్టలు ఆరవేస్తూ, "మందిరంల డోలక్ జోయల్ పిలగానికిచ్చిండ్రు. ఇగ నీకోసం ఎదురుచూడరంట," అన్నది. ఆ పిల్ల ముఖంలోని వెలుగు పోవడం నేను చూశాను.

ఎంపికనాడు ఎండ కాసింది. పెద్ద పడవలో జోస్నా డప్పును మరచి, మొదటి జంట తెడ్ల మీదే చూపు నిలిపింది. వాటితోపాటు ఆమె తెడ్డు దిగుతోంది, లేస్తోంది, చప్పుడు లేదు. సగం దూరంలో టక్కున శబ్దం. ఇంద్రాణి డప్పును అనుసరిస్తూ వెనుకబడింది. ఆమె తెడ్డు నీటిలోంచి పైకి రాకముందే జోస్నా తెడ్డు అదే చోటికి వచ్చింది. పడవ తడబడి ఆగింది.

ఒడ్డున త్రినాథరావు నిట్టూర్చాడు. తెడ్లు తగిలితే దోషం వెనుక కూర్చున్నవారిదే. అది పడవవాళ్ళ కట్టుబాటు.

"సార్, నేను మొదటి జంటతోనే ఉన్న. కావాల్నంటే వాళ్ళనడుగుండ్రి."

"ఉన్నావమ్మా, చూశాను. కానీ నీ ముందున్నది ఇంద్రాణి. ఆమెతో కలవకపోతే పడవ ఆగిపోతుంది. ఆగిందా, లేదా?"

ఇంద్రాణి తల వంచుకుని తెడ్డు తుడుచుకుంటోంది. జట్టులో జోస్నా పేరు చదవలేదు.

తిరుగు ప్రయాణంలో, ఎల్.బి.నగర్ చౌరస్తాలో మెట్రో స్తంభాల నడుమ ఆటో ఆగిపోయినప్పుడు జోస్నా అడిగింది: "సార్, కలవాల్నంటే తప్పుల కూడా కలవాల్నా?"

ప్రతి సూత్రానికీ ఉదాహరణ చూపగలనన్న పేరు నాకుండేది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

ఆ తరువాతి ఆదివారం ఆమె తల్లితోపాటు ప్రార్థనకు వెళ్ళింది. డోలక్ వద్ద జోయల్ ఉన్నాడు. జోస్నా చివరి వరుసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టలేదని రెబెక్క నాతో చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ పిల్ల మరుసటి యేడు ఊరు విడిచింది.

2024 ఆగస్టులో భోపాల్ నుంచి ఈ ఉత్తరం వచ్చింది:

"సార్‌కు నమస్కారాలు. ఇక్కడ ఒక క్లబ్బులో ఆడపిల్లలకు తెడ్డు నేర్పుతున్నాను. నిన్న ఇద్దరి తెడ్లు తగిలాయి. వెనకామెదే తప్పని నా నోరు నా కంటే ముందే అనేసింది. ఆమె నన్ను చూసిన చూపు నాకు తెలిసిందే. ఈ రోజు పొద్దున ఇద్దరినీ చిన్న పడవలు ఎక్కించాను, ముందు కూర్చునే పిల్లను మొదట. రెండుసార్లు పడింది. వెనకామె నవ్వింది. ఆమెను ఎక్కిస్తే ఆమె కూడా పడింది.

త్రినాథరావు సార్ చేసింది తప్పని నేనింకా చెప్పలేకపోతున్నాను. ఒప్పని కూడా రావడం లేదు నోటికి.

ఇక్కడ ఆదివారం సాధన పెట్టలేదు. అమ్మకు ఫోన్‌లో చెప్తే నమ్ముతలేదు. మీరు చెప్పండి సార్. మీ మాటైతే వింటది.

మీ జోస్నా."