రొట్టెను కాదు, చేతిని అనండి

కోకంద్‌లో ఇనోయత్ రొట్టెల కొట్టు తెలియనివారు లేరు. భర్త పోయినప్పటి నుంచి ఆ తందూరు ఆవిడదే, చాకిరీ ఆవిడదే, గర్వమూ ఆవిడదే. ఆ గర్వం సంగతి ముందే చెప్పడం మంచిది. పిండిలో ఉప్పెంత వేయాలని ఎవరైనా అడిగితే అరచెయ్యి చాపి, ఇదే నా త్రాసు అనేది. ఒళ్లు బాగున్న రోజున అదే త్రాసు, తలనొప్పితో కళ్లు మూతలు పడుతున్న రోజునా అదే. పిండి ఎప్పుడు పులిసిందో ఆవిడ ముక్కుకు తెలియాలి, తందూరు ఎప్పుడు కాలిందో ఆవిడ కంటికి తెలియాలి. మిగిలినవాళ్లు చెప్పింది చేయాలి, అంతే.

చిక్కేమిటంటే ఆ చెయ్యీ ఆ ముక్కూ కొట్లో ఉండాలంటే ఆవిడా కొట్లోనే ఉండాలి. కూతురు సాయోరాను ఎడారి దాటి నుకుస్‌కు ఇచ్చింది. తొలి కాన్పుకు తల్లి వస్తుందని ఆ పిల్ల ఎంతగానో ఎదురుచూసింది. పండగ బేరాల రోజులు, కొట్టు వదిలితే కొంప మునుగుతుందని ఇనోయత్ వెళ్లలేదు. బాలింతను కనిపెట్టుకుని ఉండే చిల్లా నలభై రోజులూ అత్తింటివాళ్ల చేతుల మీదే గడిచిపోయాయి. సాయోరా పల్లెత్తు మాట అనలేదు, ఫోన్లు మాత్రం తగ్గించింది. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఈసారి కూడా వెళ్లకపోతే కూతురు మనసులో తనకిక చోటుండదని ఇనోయత్‌కు బాగా తెలుసు.

అందుకని ఒక ఉదయం కొట్టును వదిలి చూద్దామనుకుంది. ఆ పూటకు పెత్తనం కోడలు మోహిదిల్‌కు ఇచ్చింది. మోహిదిల్ నోట్లో నాలుక లేని పిల్ల. మొగుడు లారీ తోలుతూ ఇంట్లోకన్నా రోడ్డు మీదే ఎక్కువగా ఉంటాడు, ఆ పిల్ల పొద్దంతా అత్తగారి వెనకాలే పిండి పిసుకుతుంది. ఇక తందూరు దగ్గర రొట్టెలు కాల్చే పనివాడు ఎర్గాష్. అతని నాలుక తందూరుకన్నా వేడి.

ఆ పూట ఇనోయత్ పొరుగింటి బషారత్ దగ్గర కాలక్షేపానికి కూర్చుంది. కొట్టు నుంచి తెచ్చిన వేడి రొట్టె తుంచుకుని తింటూ బషారత్ టీ మీద టీ తాగుతోంది. కెటిల్ ఖాళీ అయింది, మళ్లీ పెట్టింది. ఇనోయత్‌కు అనుమానం వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పుకషాయం! కోడలు ఉప్పు వేసింది, ఆ పిల్ల మరిచిపోయి ఉంటుందని ఎర్గాష్ మళ్లీ వేశాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుంది, రొట్టె మాత్రం ఉప్పనవుతుంది. ఆ రొట్టెలను వీధి వీధంతా కొనుక్కుపోయింది, ఒక్కరూ కిక్కురుమనలేదు.

ఎందుకు చెప్పలేదని ఇనోయత్ నిలదీసింది.

"రొట్టెను మాట అంటే కళ్లు పోవూ? నేనెట్లా అంటానే?" అంది బషారత్.

"ఈ ఒక్క పూటే కదా ఇలా అయింది?"

బషారత్ టీ కప్పు కింద పెట్టింది. "నొచ్చుకోకు మరి. నీ చేతి రొట్టె కూడా అంతే. ఒకరోజు చప్పిడి, ఒకరోజు ఉప్పెక్కువ. ముందు రొట్టె రుచి చూసుకుని అప్పుడు షోర్వాలో ఉప్పేస్తాం. మన వీధిలో అందరం ఇంతే."

ఇనోయత్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ కొట్టు తన చేతి మీద నడుస్తోందనుకుంది. నడిచింది జనం మర్యాద మీద. అలిగి ఒక పూట అన్నం మానేసింది. రెండోపూట ఆకలి గెలిచింది, లేచి సంతకెళ్లి చిన్న త్రాసు కొనుక్కొచ్చింది.

అప్పటినుంచి సాయంత్రమే వాయకొక గిన్నె చొప్పున ఉప్పు తూచి అరమీద వరసగా పెట్టేవారు. పిండిలో ఉప్పు వేసినవారు ఆ గిన్నెను బోర్లించాలి. గిన్నె బోర్లా ఉంటే ఇక ఎవరూ ఉప్పు ముట్టకూడదు. పులిసిన పాత పిండి కలపడం, పొయ్యి రాజేయడం, ముద్దలు చేయడం, రొట్టెల మీద ముద్ర గుచ్చడం, అన్నీ రోజూ ఒకే వరసలో, ఒకే వేళకు. ఆసుపత్రిలో మందులా ఉప్పు తూస్తున్నారని ఎర్గాష్ ఎకసెక్కాలాడాడు. ఆ మాటకొస్తే కట్టు తప్పింది ముందు ఇనోయతే. ఏ లోకంలో ఉందో, అలవాటు కొద్దీ మళ్లీ చిటికెడు ఉప్పు తీసింది.

"గిన్నె బోర్లా ఉందక్కా," అన్నాడు ఎర్గాష్ తందూరు దగ్గరి నుంచి కదలకుండా. ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చింది.

ఇంకొక్కటే మిగిలింది. వాయ దిగగానే మొదటి రొట్టె తుంచి అందరూ తినాలి, బాగుంటేనే అమ్మాలి. తిన్నారు. దేవుడి దయ, అమృతం అన్నారు. రోజూ అమృతమే అంటుంటే ఆవిడకు నమ్మకం చిక్కలేదు. ఒక ఉదయం ఉప్పు పక్కన పారబోసి గిన్నె బోర్లించింది. చప్పటి ముక్కలు నములుతూ ఎర్గాష్ కళ్లు మూసుకుని అమృతమన్నాడు.

"మీరంతా అబద్ధాలకోర్లు," అంది ఇనోయత్. "ఇట్లా అయితే నేను గుమ్మం ఎలా దాటను? నా పిల్ల అక్కడ ఒక్కతే ఉంది. రొట్టెను అనొద్దు సరే, చేతిని అనండి. చేతినంటే పాపం లేదుగా."

ఎర్గాష్ మిగిలిన ముక్క కింద పెట్టాడు. చివరికి మోహిదిల్ తలగుడ్డ కొసతో పెదవులు తుడుచుకుని, "అత్తయ్యా, రొట్టె మంచిదే," అంది మెల్లగా. "మీ చెయ్యే ఈవేళ ఉప్పు మరిచిపోయింది."

కోడలు అత్తను అనడం ఆ ఇంట్లో అదే మొదలు. ఇనోయత్ కోడల్ని దగ్గరకు లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టింది, పిండి చేతులని కూడా చూసుకోకుండా. ఆ వారంలోనే నుకుస్ రైలెక్కింది.

సాయోరాకు మగపిల్లాడు పుట్టాడు. ఇనోయత్ రోజూ తెల్లవారకముందే కొట్టుకు ఫోన్ చేసేది. కబురు చల్లగానే ఉండేది, ఆవిడకే మనసు నిలిచేది కాదు. తెచ్చుకున్న సంచి ఖాళీ చేయకుండా గుమ్మం పక్కనే ఉంచింది. సాయోరా ఆ సంచిని చూసేది, అడిగేది కాదు.

ఒకరోజు మోహిదిల్ ఆలస్యంగా ఫోన్ ఎత్తింది. వెనక కేకలు, గోల.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా. ఎర్గాష్ మావయ్య చెయ్యి ఇవాళ కాస్త మాడ్చింది. ముక్క నోట్లో పెట్టగానే మొహం మీదే చెప్పేశాం. ఆ వాయ అమ్మలేదు, షోర్వాలో నానేసుకోవడానికి మా ఇళ్లకు పంచేసుకున్నాం. రెండో వాయ దింపుతున్నాం." కోడలు కాస్త తటపటాయించింది. "అత్తయ్యా, మీరు పొద్దున్నే ఫోన్ చేయకండి. చేతులు పిండిలో ఉంటాయి."

ఇనోయత్ ఫోన్ పెట్టేసింది. మనసు ఒక్క క్షణం చివుక్కుమన్న మాట నిజం. ఆ వెంటనే ఏళ్లుగా మోస్తున్న బస్తా ఎవరో దించినట్టు ఒళ్లంతా తేలికైంది.

సాయోరా పిల్లవాడికి పాలిస్తూ ఆవిడనే చూస్తోంది. "వెళ్లాలా అమ్మా?"

"నేను అక్కర్లేదట," అంది ఇనోయత్. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "తప్పు చేసుకున్నారు, వాళ్లే దిద్దుకున్నారు. ఫోన్ కూడా చేయొద్దంటోంది నా కోడలు."

సాయోరా పిల్లవాణ్ణి తల్లి ఒళ్లో పెట్టింది. లేచి, గుమ్మం పక్కనున్న సంచి తెచ్చి, తల్లి బట్టలు ఒక్కొక్కటే తీసి తన బీరువాలో సర్దడం మొదలుపెట్టింది.