తాత వీలునామాలో అత్త

కళ్లద్దాల కొట్టు నడిపే ఆవిడకు వంశవృక్షం గీయాలన్న పిచ్చి పట్టింది. అంతా బాగానే సాగి తాత దగ్గర చిక్కుపడింది. తాత తండ్రి పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. తాత పోయాక ఆయన వీలునామాను కోర్టులో ప్రొబేట్ చేయించారు, అంటే చెల్లుతుందని ఖరారు చేయించారు కాబట్టి అందులో ఉండొచ్చని ఎవరో చెప్పారు. ఇక వీలు దొరికినప్పుడల్లా కోర్టు రికార్డు గదిలో, దుమ్ము పట్టిన కట్టల మధ్య తుమ్ముతూ కూర్చునేది.

చివరికి వీలునామా దొరికింది. ఆ సంబరంలో వరండాలోకి వచ్చి మేనత్తకు ఫోన్ చేసింది. తల్లి లేని తనను పెంచి పెద్ద చేసింది ఆ అత్తే. ముందు తాను చదువుకోకుండానే గడగడా వినిపించింది. "నా కొడుకుతో సమానంగా, నేను తెచ్చి పెంచుకున్న పిల్లకూ..." అన్నాక గానీ నోట్లోంచి ఏం వస్తోందో తెలియలేదు. తాతకు ఉన్నది ఒక కొడుకు, ఒక కూతురే: తన నాన్న, ఈ అత్త.

"పొయ్యి మీద పాలున్నాయమ్మా, ఉంటా" అని అత్త ఫోన్ పెట్టేసింది.

ప్రొబేట్ అప్పుడు అన్న చూపించిన చోట సంతకం పెట్టిందే తప్ప, అత్త ఆ కాగితం చదివిన పాపాన పోలేదు. ఆ అన్న కడదాకా కడుపులో దాచుకున్న మాటను ఆయన కూతురు వరండాలో నిలబడి పారేసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే? ఆ దిగులులోనే కొట్లో దగ్గరి చూపు అద్దాలడిగిన పెద్దాయనకు దూరపు చూపువి అంటగట్టి పంపింది.

ఆదివారం అత్త ఇంటికి వెళ్లింది. అత్త చిక్కుళ్లు ఒలుస్తూ తలెత్తలేదు.

"నాది అచ్చు మా అమ్మ ముక్కేనని అందరూ అంటే ఇన్నాళ్లూ మురిసిపోయా."

"ముందు నేను చదువుకోవాల్సింది అత్తా."

"చదివితే నువ్వూ మీ నాన్నలాగే దాచేదానివి. నన్ను తీసుకెళ్లు, నా కళ్లతో చూస్తా."

రికార్డు గుమాస్తా కట్ట విప్పుతూ, వీలునామా రాసినాయన ఏమవుతారని అడిగాడు.

"మా నాన్న" అంది అత్త, తడుముకోకుండా.

ఆ వాక్యం మీద వేలు పెట్టి ఎంతోసేపు చూసింది. "సమానంగా అన్నాడు" అని తనలో తాను గొణుక్కుంది.

మెట్ల దగ్గర మేనకోడలు చెయ్యి అందించింది. అత్త ఆ చెయ్యి వంక చూసి, కమ్మీ పట్టుకుని దిగింది. రెండు తిట్టినా మేనకోడలి ప్రాణం తేలికపడేది. "ఆకలవుతోంది, పద" అంది అత్త, అంతే.