నోటిదాకా వచ్చిన మాట

మా అత్తయ్యకు వస్తువుల పేర్లతో పనిలేదు. లోకంలో ఉన్నవన్నీ ఆవిడకు "ఇది", లేకపోతే "అది". మరీ దూరంలో ఉంటే "అదేదో". "ఏమండీ, ఆ ఇది కాస్త ఇలా ఇవ్వండి" అంటుంది. మావయ్య కత్తెర అందిస్తాడు. "దానికి అది అయిపోయిందండీ" అంటుంది. మావయ్య బజారుకెళ్ళి నల్లదారం ఉండ తెస్తాడు. ఒక్కసారి కూడా తప్పు తేలేదు మహానుభావుడు.

అత్తయ్య మా నాన్నకు అక్క. బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, మేకులకు వేలాడుతూ చేతులింకా కుట్టని స్కూలు యూనిఫారాలు, నేలనిండా కత్తిరింపు ముక్కలు. ఆ ఇంట్లో చెప్పుల్లేకుండా నడిచారంటే ఏ గుండుసూదో పలకరిస్తుంది. కాలరు మడత తిప్పడంలో అత్తయ్య చేతికి తిరుగులేదు. తిరగనిదల్లా నోరే.

మావయ్య సిటీ బస్సులో కండక్టరు. ప్రయాణికుడు "ఆసు..." అనేలోపే "ఆసుపత్రి, ఒకటి" అని టికెట్టు చింపి చేతిలో పెట్టేస్తాడు. అందుకే డిపోలో అందరూ ఆయన్ని ముందుమాట అంటారు. పుస్తకాల్లో ముందుమాట ఎవరడిగారని ఉంటుంది? ఈయనా అంతే, అడక్కుండానే ముందొచ్చి కూర్చుంటాడు. ఆ పేరు చెప్పుకుని తనే పడీపడీ నవ్వుతాడు కూడా.

ఒకరోజు పొద్దున్నే నా జాకెట్టు ఒకటి బిగుతు చేయించుకుందామని వెళ్ళాను. మావయ్య డ్యూటీలో ఉన్నాడు. అత్తయ్య వంటింట్లో జల్లెడ పట్టుకుని నిలబడి ఉంది.

"దీన్నేమంటారే?"

నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నవ్వకే. నిజంగానే అడుగుతున్నా. ఇందాకట్నుంచి చూస్తున్నా, రావట్లేదు."

"జల్లెడ."

"ఆ. జల్లెడ" అని, దాన్ని గట్టు మీద బోర్లించి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మా అమ్మకి ముందు పోయినవి వంటింట్లో మాటలేనే."

వాళ్ళమ్మంటే మా నాయనమ్మ. ముందు గరిటె మాయమైంది ఆవిడ నోట్లోంచి. "కూర తిప్పేది" అనేది. మేం ముద్దుగా ఉందని నవ్వేవాళ్ళం. తర్వాత చెంబు పోయింది, తలుపు పోయింది, వారాల పేర్లు పోయాయి. ఆఖరికి ఒకరోజు మా నాన్న అన్నం పెట్టబోతే "నువ్వెవరబ్బాయివి బాబూ?" అని అడిగింది. అప్పుడు మా నాన్న పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ అన్నం అత్తయ్యే తినిపించింది.

"మావయ్యకు చెప్పావా?"

"లేదు."

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పద."

"వెళ్తే ఏదో బొమ్మ చూపించి ఇదేంటమ్మా అంటారు. నేను 'ఇదే' అంటాను. ఇంక అది నిజమైపోతుంది. అంతకంటే ముందు నాకు నేనుగా ఎక్కడైనా తెలుసుకుంటే బావుణ్ణు."

అలా నా బుర్రలో పడింది 'ఖాళీ గళ్ళు'. సాయంత్రం టీవీలో వచ్చే ఆట అది. బోర్డు మీద మాటకు గళ్ళుంటాయి, ఒకటో రెండో అక్షరాలు కనిపిస్తాయి, ఒక ఆధారం చదువుతారు, మిగతాది మనం పూరించాలి. అత్తయ్య గుండీలు కుడుతూ రోజూ చూస్తుంది. "అదేనండీ, ఇది..." అంటుండగానే పక్క కుర్చీలోంచి మావయ్య జవాబు కేకేసేస్తాడు. జంటలుగా ఆడాలి కాబట్టి ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను.

ఆటకు రమ్మని కబురొచ్చిన రోజు అత్తయ్య నన్ను కడిగిపారేసింది. కాసేపు మిషను తొక్కింది. తర్వాత తనే ఆపి, "అక్కడ నాకు మాట రాకపోతే ఆట ఓడిపోయిందనుకుంటారు, అంతే కదా? ఎవరికీ ఏమీ తెలీదు. నాకు మాత్రం తెలిసిపోతుంది" అంది. మావయ్యకు మాత్రం సరదాకి అని చెప్పాం. ఆయన కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, ఇంట్లోనే.

స్టూడియో అంటే ఏదో అనుకున్నాను. టీవీలో రాజమహల్లా కనిపించేదంతా ప్లైవుడ్డుకు పూసిన రంగు. చలికి పళ్ళు టకటకమంటున్నాయి. ఒకమ్మాయి చెయ్యి ఊపినప్పుడల్లా మేం చప్పట్లు కొట్టాలి. అవతలి జంట తోడల్లుళ్ళు. ఒకాయనది టైల్సు దుకాణం, ఇంకొకాయనది డ్రైవింగు స్కూలు. ఇద్దరికీ జవాబులు తెలుసు. కానీ "మీరు చెప్పండి", "అయ్యో, మీరుండగా నేనా" అని మర్యాదలు చేసుకునేలోపు గంట మోగేది.

మొదటి అంకం జంటగా. అందులో మావయ్య విజృంభించాడు. అత్తయ్య "అది" అనడం, "ఇది" అనడం, ఈయన అందుకోవడం. అక్కడున్నవాళ్ళంతా మురిసిపోతున్నారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడొచ్చింది తన నోట్లో మాట ఉందో లేదో చూసుకోవడానికి. ఈయన వెతకనిస్తేగా!

ఆ తర్వాత యాంకరు, "ఇప్పుడు మీ ఇద్దరినీ విడదీస్తున్నాం" అంది. మావయ్య చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి గాజుగదిలో కూర్చోబెట్టారు. అక్కడ కూడా ఆయన నోరు ఊరికే లేదు. అద్దం వెనక చేపలా తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది.

అత్తయ్య ఒక్కతే బోర్డు ముందు నిలబడింది. మొదటి మాటకు మొదట్లో 'గ', చివర 'రం'. "గోడకు అతుక్కుని ఉంటుంది, అయినా రోజంతా నడుస్తూనే ఉంటుంది."

"అది..." అంది అత్తయ్య. అలవాటుగా ఎడమవైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ ఒక్క మాట అడిగాను. ఆవిడ మళ్ళీ బోర్డు వైపు తిరిగింది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య లేని సూదిని పట్టుకుని, లేని దారం ఎక్కిస్తున్నట్టు వేళ్ళు ఆడించింది.

"గడియారం."

గంట మోగింది. తర్వాతిది తాళంచెవి. దానికి ఎడమవైపు చూడనేలేదు. ఆ తర్వాతి మాట ఆవిడకు రాలేదు. అది నాకూ రాలేదు, నా పక్కన కూర్చున్నావిడకూ రాలేదు, చప్పట్లు కొట్టించే అమ్మాయికి అసలే రాలేదు. ఊసరవెల్లి అట. అత్తయ్య "పోనీలెండి" అని ముందుకెళ్ళిపోయింది. ఆఖరిది 'మొ'తో మొదలు, నాలుగు గళ్ళు. "వద్దు అనాలని ఉంటుంది, నోరు రాదు."

ఆవిడ గాజుగది వైపు చూసి నవ్వింది. "మొహమాటం. దీంతో నాకు పాత పరిచయమేనమ్మా."

చెయ్యి ఊపకుండానే అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చేశాను. పక్కావిడ నా భుజం తట్టి, "మీ అమ్మగారా?" అంది. అవునన్నాను. ఆ క్షణంలో వరసలు సరిచెయ్యడానికి నాకు ఓపిక లేదు. గుండెల మీంచి ఎవరో బరువు దించి పక్కన పెట్టినట్టయింది.

తోడల్లుళ్ళను విడదీస్తే, మర్యాద చెయ్యడానికి పక్కన ఎవరూ లేక, అన్నీ టకటకా చెప్పేశారు. రెండు జంటలూ సమానంగా నిలిచాయి. అన్నీ తేల్చే మాట ఒక్కటే మిగిలింది. ఎవరు బటను నొక్కితే వాళ్ళే చెప్పాలి. జంటలో రెండోవాళ్ళు నోరు తెరిస్తే ఆట పోయినట్టే. గాజుగదిలోంచి బయటికొచ్చిన మావయ్యకు యాంకరు ఈ సంగతి విడమరిచి చెప్పింది. "తెలుసు తెలుసు, నోరు తెరవకూడదు" అని ఆవిడ వాక్యం కూడా ఆయనే పూర్తిచేశాడు.

మూడు గళ్ళు. మధ్యలో 'దా'. "తొందరపడేవాళ్ళ దగ్గర ఉండదు."

అత్తయ్య చెయ్యి టపీమని బటను మీద పడింది. పెదాలు విచ్చుకున్నాయి. "ని..."

"నిదానం!" అని అరిచాడు మావయ్య.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత స్టూడియో స్టూడియో అంతా గొల్లుమంది. కెమెరా పట్టుకున్నాయన కెమెరా వదిలేసి కూలబడ్డాడు. మావయ్య నాలుక కరుచుకున్నాడు గానీ, ఏం లాభం? తోడల్లుళ్ళు గెలిచేశారు. కప్పు దగ్గర కూడా "మీరు పట్టుకోండి", "మీరే పట్టుకోండి" అని, చివరికి దాన్ని యాంకరు చేతిలోనే ఉంచేశారు.

మేకప్పు గదిలోకి వెళ్ళేసరికి అత్తయ్య అద్దం ముందు పౌడరు తుడుచుకుంటోంది. నేను మావయ్యను తిట్టడానికి నోరు తెరిచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది. ముఖమేమో కడిగిన గాజుగ్లాసులా ఉంది.

"నా మాటలు ఎక్కడికీ పోలేదే. మీ మావయ్య వాడేసుకుంటున్నారు, అంతే."

తర్వాతి వారం డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్ళాం. ఆవిడ బొమ్మలు చూపించింది, లెక్కలు చెప్పించింది, నిక్షేపంలా ఉన్నారు వెళ్ళిరండి అంది. కానీ అత్తయ్య అప్పటికే నిక్షేపంలా ఉంది.

ఆట రోజు సాయంత్రం స్టూడియో నుంచి ఇంటికి సిటీ బస్సులోనే వచ్చాం. వాళ్ళిద్దరూ ఒక సీట్లో, నేను వెనక సీట్లో. బయట దుకాణాల్లో దీపాలు వెలుగుతున్నాయి. అత్తయ్య ఆయనకు జల్లెడ సంగతి, వాళ్ళమ్మ సంగతి, అసలు ఈ ఆటకు ఎందుకొచ్చిందో అన్నీ చెప్పింది. మావయ్య ముఖం పాలిపోయింది. కండక్టరు వచ్చి, "ఏం ముందుమాటా, ఎక్కడికి?" అన్నా పలకలేదు. ఊరికే మూడు వేళ్ళు చూపించాడు.

కాసేపటికి, "నాకొక్క మాట చెప్పాలి కదోయ్" అన్నాడు.

"చెబుదామనే మొదలుపెట్టానండీ చాలాసార్లు. 'నాకు ఈమధ్య' అనగానే 'నిద్ర పట్టట్లేదు, అంతేగా' అన్నారు. ఒకసారి 'నడుము నొప్పి' అని మీరే చెప్పి, మందు కూడా తెచ్చి రాశారు."

మావయ్య తల దించుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. నీకు ఈమధ్య?"

అత్తయ్య తొందరపడలేదు. కిటికీలోంచి బయటికి చూసింది, కొంగు సర్దుకుంది. మావయ్య పెదాలు రెండుసార్లు కదిలాయి. రెండుసార్లూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు వెనకనుంచి ఆయన చెవులు ఎర్రబడటం కనిపిస్తోంది. మా స్టాపు దాటిపోయింది. ముగ్గురం చూశాం, ఎవరం లేవలేదు.

"నాకు ఈమధ్య..." అని ఆగింది అత్తయ్య. ఆయన ఎదురుచూశాడు.

"భయంగా ఉండేదండీ. ఇప్పుడు లేదు."