అనుమానం గ్లాసు

మా ఉస్తాద్ పోయారన్న కబురు దుబాయ్ పక్కన అజ్మాన్‌లో కంపెనీ వ్యాన్ కోసం నిలబడి ఉండగా వచ్చింది. ఆయన రూమ్మేట్ ఫోన్ చేసి, "అన్నా, పొద్దుగాల ఆస్పత్రిల పాణం పోయింది" అన్నాడు. వ్యాన్ రాగానే ఎక్కి, అలవాటు కొద్దీ ఆయనకని కిటికీ పక్క సీటు వదిలి కూర్చున్నాను.

ఉస్తాద్‌ది జగిత్యాల వైపు, నాది కోనసీమ. షూటింగ్ క్లబ్బులో పోటీ రైఫిళ్ళకు తూటాలు చేత్తో నింపే గదిలో మేమిద్దరమే. తూటా కొసనుండి గురికి దూసుకుపోయే లోహపు మొనను మేం బుల్లెట్ అంటాం. డబ్బాల మీద అంకె ఒకటే ఉంటుంది గానీ, లోపలి లావు కంపెనీకో రకం, ఒక్కోసారి డబ్బాకో రకం. తేడా వెంట్రుక మందం కూడా ఉండదు. అయినా కాస్త లావైతే గొట్టంలో బిగిసి ఒత్తిడి పెరుగుతుంది, సన్నమైతే గురి చెదురుతుంది. అందుకే డబ్బా మారితే మందు పాళ్ళు కూడా మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి. చేరిన కొత్తలో నేను రెండు డబ్బాలవి ఒకే ట్రేలో పోసేశాను.

"రెండూ ఒకటే కదండీ ఉస్తాద్!" అన్నాను.

"డబ్బా మీద రాత ఒకటేరా. నువ్వూ తెలుగోనివే, నేనూ తెలుగోన్నే. నువ్వు బెల్లమేసే పులుసు నా గొంతుల దిగుతదా?" అని నవ్వి, అన్నీ మళ్ళీ కొలిపించారు. ఈ దేశంలో నా చేతికి ఒక పని పెట్టింది ఆయనే.

ఎండలోంచి వచ్చిన డబ్బాను ఏసీలో చల్లారేదాకా ముట్టనిచ్చేవారు కాదు. ఈలోగా పాలు పోయని సులేమానీ టీ కాచేవారు. ముదీర్, అంటే మా మేనేజరు, వచ్చి యల్లా యల్లా అని తొందరపెట్టి పోతే, "ఆయన తొందర ఆయనది. వేడి మీద కొలిస్తే అదొక కొలతైతదా?" అనేవారు నాతో. కొలతలో సందేహం వచ్చిన బుల్లెట్‌ను ఒక టీ గ్లాసులో వేసేవారు. దానికి అనుమానం గ్లాసని పేరు. "అనుమానం ఉన్నదాన్ని పక్కకు పెట్టాలె. మొహమాటపడి కలిపితే ఎవని మొఖం మీదనో పేలుతది."

మొన్న వేసవిలో ఆ గ్లాసు రోజూ నిండటం మొదలైంది. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు నేను అవన్నీ కొలిచి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన బొటనవేలే కొలిచే పరికరం మీద సరిగ్గా ఆనడం లేదు. బుల్లెట్ వంకరగా పట్టుబడి లావుగా చూపిస్తోంది. నేనేం చేశాను? ముదీర్‌కి తెలిస్తే వీసా ఖలాస్ అని భయపడి, ఆయన నొచ్చుకుంటారని మొహమాటపడి, గ్లాసులోవి గుట్టుగా ట్రేలో కలిపేశాను. రోజూ కలిపాను. పైగా మేలు చేస్తున్నాననుకున్నాను, చవటని!

ఒకరోజు ఆయనే అడిగారు. "ఏందిరా, గ్లాసు ఖాళీగుంది? నా కొలత తప్పుతున్నదా?"

"మీ కొలతకి తిరుగేంటి ఉస్తాద్" అన్నాను. ఆయన నా మాట నమ్మారు.

చివరికి చెయ్యి పైకి లేవని రోజున ఆస్పత్రికి తీసుకెళితే, తలలో గడ్డ అన్నారు. "చెయ్యి ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని డాక్టరమ్మ హిందీలో అడిగింది. ఉస్తాద్ నా వైపు చూశారు. "ఈమధ్యనే" అన్నాను. ముందే చూపించి ఉంటే బతికేవారా? ఆ మాట ఆవిణ్ణి అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆయన చివరిసారి పక్కన పెట్టిన బుల్లెట్లు ఇంకా ఆ గ్లాసులోనే ఉన్నాయి. నిన్న ముదీర్ చూసి, పారేయమంటావా అని అడిగాడు. వద్దు, ఇంకా కొలవాలి అన్నాను.

కొలవక్కర్లేదు. అన్నీ మంచివే.