వాకర్ పట్టేంత బండ

ఇంతవరకు నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. తలలు ఊపారు, భుజం తట్టారు, చాయ్ తాగించారు. ఒకాయన నా దరఖాస్తు మీదే చాయ్ గ్లాసు పెట్టాడు. ఆ గ్లాసు అడుగు గుండ్రంగా అంటిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

నేను బస్సు కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మహబూబ్‌నగర్, కోస్గి మధ్య ఎన్ని వేలసార్లు తిరిగానో లెక్కలేదు. "ఎక్కడ దిగాలె?" అని అడిగితే ఎంత మొండివాడైనా చెప్పాల్సిందే. చెప్పకుంటే బస్సు ఆపించేవాణ్ణి. వెనక సీట్లో వాళ్ళు తిట్టేవారు, డ్రైవర్ విసుక్కునేవాడు, నేను కదిలేవాణ్ణి కాదు. ఆ అలవాటే ఇప్పుడు నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

మా ఊరు జడ్చర్లకు దగ్గర. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు మున్సిపాలిటీ అయింది. ఊరి హోదా మారింది, మా ఇంటి ముందు మోరీ మారలేదు. మా గేటుకూ సందుకూ మధ్య ఆ మురుగు పారుతుంది. దాని మీద మా నాయిన కాలంనాటి బండ ఒకటుంది. దాని మీదుగానే అందరం దాటేవాళ్ళం. మా ఆవిడకు మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక వాకర్ వచ్చింది. ఆ వాకర్ నాలుగు కాళ్ళు ఆ బండ మీద పట్టవు. రెండు బండ మీద ఉంటే రెండు గాల్లో ఉంటాయి. కొలిచి చూశాను. జానెడు తక్కువ. ఆ జానెడు కోసమే ఇదంతా.

మొదట నేనే పెద్ద బండ తెచ్చి వేయించాను. మోరీ పూడిక తీయడానికి ట్రాక్టర్ మీద వచ్చిన మున్సిపాలిటీవాళ్ళు "దీనికి పర్మిషన్ లేదు" అని గడ్డపారతో లేపారు. రెండు ముక్కలయింది. అందులో ఒకతను, మనసున్నవాడే, వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

"పెద్దాయనా, వార్డు కమిటీకి రాసియ్యి. వాళ్లే ఏస్తరు. అప్పుడు ఎవలు ముట్టరు."

రాసిచ్చాను.

వార్డుకు ఏ పనులు కావాలో జనం రాసిస్తే, కమిటీ చూసి, అవసరమైనవి ఎంచి ఆఫీసుకు పంపాలి. అందుకే కమిటీ. కౌన్సిలర్ ఆడమనిషి. కమిటీలో ఆమె కుర్చీలో కూర్చునేది మాత్రం ఆమె భర్త. ఆమె మంచిదో కాదో నాకు తెలియదు, మాట్లాడే అవకాశం రాలేదు. ఆయనతో మాత్రం చాలాసార్లు మాట్లాడాను. ఒకరోజు కమిటీ వాళ్ళంతా సందు చూడటానికి వచ్చారు.

"గిదేనా కాకా నీ మోరీ?" అన్నాడాయన.

"నాది కాదు, మీది. నా ఇంటి ముందర పారుతాంది, అంతే."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, వెంట వచ్చిన మనిషితో మా గేటు ముందు సున్నంతో రెండు గీతలు వేయించాడు. "ఈ రెండిట్ల నడుమ బండ పడ్తది కాకా. పండుగ లోపల్నే."

"ఏ పండుగ?"

"ఏదో ఒక పండుగ!"

మళ్ళీ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

మా ఆవిడ మాత్రం ఆ గీతల్ని నమ్మింది. ఆపరేషన్ తర్వాత కూడా ఆమె రోజూ పొద్దున్నే స్టూలు మీద కూర్చుని గేటు ముందు ముగ్గు వేస్తుంది. ఆ గీతల జోలికి పోకుండా పక్కకు వేసేది. నన్నూ తొక్కనిచ్చేది కాదు. వాన పడి గీతలు కరిగిపోతే, సరిగ్గా అదే చోట ముగ్గుపిండితో మళ్ళీ గీసింది. ఇంకో వాన పడితే ఇంకోసారి. మూడో వాన తర్వాత వార్డు ఆఫీసర్ వచ్చాడు. వంగి చూశాడు.

"ఇది మా మార్కింగ్ కాదు సార్. ఇది ముగ్గు."

ఆమె స్టూలు మీంచే అంది: "మీ గీతను కాపాడింది గా ముగ్గే బిడ్డా. లేకుంటే ఏడ చూస్తుంటివి?"

ఆయన ఏదో రాసుకుని పోయాడు. ఏం రాసుకున్నాడో చూపించమంటే చూపించలేదు.

తర్వాత కమ్యూనిటీ హాల్లో మీటింగ్. కూర్చోగానే రిజిస్టర్ చేతికిచ్చారు. పేజీ ఖాళీగా ఉంది. పైన ఒక్క అక్షరం లేదు. నేను ఆగాను.

"హాజరుకే కాకా," అన్నాడు కౌన్సిలర్ భర్త. "నువ్వొచ్చినవని మాకు యాదికుండాలె గద."

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని కొత్తగా చేరిన కండక్టర్లకు చెప్పినవాణ్ణి నేను. అయినా పెట్టాను. అందరికంటే ముందు, అందరికంటే పెద్దగా. వచ్చానని వాళ్ళకు గుర్తుండాలని. ఇతరులు చేసినవి నేను మరిచిపోనని మా ఇంట్లో అందరూ అంటారు. నాకు నేను చేసుకున్న ఈ పని కూడా మరిచిపోలేదు.

ఆ రోజు రెండు పనుల మీద మాట నడిచింది. ఖాళీ జాగాలో ఓపెన్ జిమ్, మా సందు మోరీ. జిమ్‌కే ఎక్కువ చేతులు లేచాయి.

"ముసలోళ్ల కోసమే గద కాకా జిమ్ము. ఇంట్ల చిన్నమ్మ కాళ్లకు గుడ మంచిది," అన్నాడు కౌన్సిలర్ భర్త.

"ఆమె జిమ్ము కాడికి రావాలంటే ముందుగల్ల మోరీ దాటాలె గద!" అన్నాను.

జవాబు వస్తుందనుకున్నాను. చాయ్ వచ్చింది. "వచ్చే మీటింగుల పెడ్దాం కాకా," అన్నారు.

ఈలోపు కోస్గిలో మా మరదలికి ఒంట్లో బాగాలేదని ఫోన్ వచ్చింది. మా ఆవిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోరీ దాటించి ఆటో ఎక్కించాం. అందరూ చూస్తున్నారు. ఆమె నవ్వుతూనే "పెండ్లి నాడు గుడ నన్నిట్ల మోయలేదు," అంది. తిరిగొచ్చి, మళ్ళీ అదే కుర్చీలో లోపలికి వచ్చాక నవ్వలేదు.

"ఇంగ నన్ను కుర్చీల మోసుడైతే నేను గేటు దాట," అంది. అన్నట్టే దాటలేదు. కూరగాయల బండి వస్తే గేటులోంచే బేరం. ఎవరైనా పలకరిస్తే మోరీకి ఇటు ఒకరు, అటు ఒకరు.

మా సందు చివర వెల్డింగ్ షాపు భాయ్ ఇది రోజూ చూస్తున్నాడు. ఒకరోజు వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, పూటలో పని. ఇనుప జాలి చేసి పరుస్త. వాకరే గాదు, ఆటో ఎక్కినా ఏం గాదు."

"వద్దు భాయ్. అది వాళ్ళు ఎయ్యాలె."

"వాళ్లు ఎప్పుడేస్తరు?"

"ఎప్పుడేస్తరో చెప్పేదాక అడుగుత."

అతను నన్ను చూసి, గేటు లోపల ఆమెను చూసి వెళ్ళిపోయాడు. ఆమె అంతా విన్నది.

"నీకు జవాబు గావాలె. నాకు బాట గావాలె," అంది.

ఆమె చెప్పింది నిజమే. కానీ ఒకసారి బండ వేస్తే వాళ్ళే పగలగొట్టారు. రేపు జాలి వేస్తే మాత్రం ఊరుకుంటారా? నా ఆలోచన అది. దాన్ని మొండితనం అంటే అనండి.

ఒకరోజు మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి మధ్యాహ్నం ఇంటికొస్తే మోరీ మీద ఇనుప జాలి ఉంది. ఇంట్లో ఆమె లేదు. భయపడి సందులోకి పరుగెత్తాను. భాయ్ షాపు ముందు కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతోంది. వాకర్ పక్కనే ఉంది.

"మన ఇల్లు గీడికెల్లి మంచిగనే కనవడ్తాంది. ఇన్నొద్దులకు చూసిన," అంది.

"ఆమె అడిగితే కాదంటనా అన్నా?" అన్నాడు భాయ్, నా మొహం చూడకుండా.

నాకు కోపం రావాలి. రాలేదు. సంతోషించి కూర్చోవాలి. కూర్చోలేకపోయాను. జాలి అంచు దగ్గర నిలబడి ముగ్గు గీతల వైపు చూశాను. జాలి సరిగ్గా వాటి మధ్యనే పడింది.

రెండు నెలల తర్వాత మున్సిపల్ ఆఫీసు గోడ మీద, వార్డులో పూర్తయిన పనుల ఫోటోలు పెద్ద ఫ్లెక్సీ మీద కట్టారు. అందులో మా గేటు ఉంది. భాయ్ వేసిన జాలి ఉంది. మా ఆవిడ వాకర్, చీర అంచు ఉన్నాయి. కింద 'మోరీ దాటు పని పూర్తి' అని రాసుంది. ఇంటికెళ్ళి అడిగితే ఆమె తాపీగా చెప్పింది: "ఎవలో వచ్చి ఫోను వట్టిన్రు. జాలి మంచిగున్నదని ఫోటో తీస్తున్రనుకున్న."

ఆ ఖాళీ పేజీ గుర్తొచ్చి, వెనక్కి పరుగున ఆఫీసుకు వెళ్ళి రిజిస్టర్ తీయించాను. నా సంతకం అలాగే ఉంది, అందరికంటే పెద్దగా. దాని పైన ఖాళీగా ఉన్న చోట, వేరే సిరాతో ఆరు వరసలు. బండ పని పూర్తయిందట. ఇంటి యజమాని తృప్తి వ్యక్తం చేశాడట.

"ఇది ఎవలు రాసిన్రు?" అని వార్డు ఆఫీసర్‌ను అడిగాను.

"నేను రాయలే సార్. నేను సీలే ఏసిన."

కౌన్సిలర్ భర్తను అడిగాను. "పని అయింది గద కాకా! చిన్నమ్మ మంచిగ తిరుగుతాంది. ఇంకేం ఫికర్ నీకు?" అన్నాడు.

నా ఫికర్ ఇది. వానల ముందు మళ్ళీ పూడిక తీస్తారు. గడ్డపారతో మళ్ళీ వస్తారు. జాలికి పర్మిషన్ ఏదని అడుగుతారు. అప్పుడు నేనేం చూపించాలి? అది పోతే ఆమె మళ్ళీ గేటు లోపలే. సందులో ట్రాక్టర్ చప్పుడైనప్పుడల్లా లేచి గేటు దాకా వెళ్తున్నాను. ఇది రాస్తూనే రెండుసార్లు లేచాను. రెండోసారి ఆమె కూడా లేచి నా వెనక నిలబడింది. అది ఇటుకల ట్రాక్టర్.

కమిటీలో కూర్చున్నవాళ్ళారా, ఆ జాలి మీదే అయితే, దాన్ని ఎవరూ ముట్టకూడదని రాసి సీలు వేసి ఇవ్వండి. మీది కాకపోతే, నా సంతకం పైనున్న ఆ ఆరు వరసలు కొట్టేసి, నా దరఖాస్తు మళ్ళీ తీయండి. ఈ రెండింటిలో ఏదో ఒకటి చెప్పండి. చాయ్ వద్దు. వచ్చే మీటింగ్ వద్దు. ఆ ఆరు వరసలు ఎవరు రాశారు?