కాక వేలు పెట్టి చూపిన గీతలు

పక్క క్వార్టర్ కాక మొన్న పొద్దున పోయాడు. గుండె ఆగిందన్నారు. మొన్నటి దాకా తెలంగాణ దీక్షకు వేసిన టెంటునే తెచ్చి వాకిట్లో వేశారు. దాని కింద మా షిఫ్టు వాళ్లంతా కూర్చుని "నిజాయితీ గల మనిషి" అన్నారు. ఒకప్పుడు ఆయన్ని దొంగ అన్నది వీళ్లే. నేనూ అన్నాను.

గోదావరిఖని బొగ్గుబాయిలో కాక పని, పైకప్పును కర్రతో తట్టి వినడం. బోలుగా మోగితే కప్పు కూలుతుందని అందరినీ వెనక్కి లాగేవాడు. నన్నూ ఒకసారి అలాగే లాగాడు, బతికాను. "ఇననోడే సస్తడు బిడ్డా" అనేవాడు. మా ఇంటికి వచ్చినా తలెత్తి కప్పు చూశాకే కుర్చీలో కూర్చునేవాడు.

అలాంటి మనిషికి మూర్ఛ మొదలైంది. హాజరు వేసే కిటికీ ముందు పడి కొట్టుకుంటుంటే మేం నవ్వాం. మా దగ్గర మెడికల్ అన్‌ఫిట్ అయినా, నౌకరిలో ఉండగా పోయినా కొడుక్కి నౌకరి వస్తుంది. అందుకే ఎవరు పడిపోయినా ముందు నాటకమే అనుకుంటాం. "మస్తు చేస్తున్నవ్ కాకా, గింత నురగ ఎట్ల తెచ్చినవ్?" అన్నది నేనే. తలచుకుంటే నా నోరంటే నాకే అసహ్యం.

కాక లేచి మూతి తుడుచుకుని, వేలితో నెత్తి తట్టుకున్నాడు. "కప్పునైతే నేను కొట్టి సూస్త. దీన్ని ఎవలు సూడాలె?"

చూసింది హైదరాబాదులో ఒక దవాఖాన. ఆపరేషన్‌లో పుర్రె తెరిచి, మెదడు మీద పల్చటి రేకు పరిచారట. దాని నిండా చిన్న లోహపు చుక్కలు. మెలకువలోనే ఉంచి మాట్లాడిస్తూ, ఆ చుక్కలు పట్టిన మెదడు కరెంటును యంత్రంలో గీతలుగా చూశారట. మూర్ఛ వచ్చి ఆయన చెయ్యి వణకకముందే గీతలు ఎగిరిపడ్డాయి. జబ్బున్న చోటు తెలిసి, అంతవరకే తీసేశారు.

"వాళ్లు కొట్టి సూడలే బిడ్డా, ఊకె ఇన్నరు" అని చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూర్ఛ పోయింది. బాయిలోకి దిగకుండా పైన తేలిక డ్యూటీ ఇచ్చారు. కొడుకు నౌకరి మాట ఆయన ఏనాడూ ఎత్తలేదు. దవాఖాన వాళ్లిచ్చిన ఆ గీతల కాగితం మాత్రం జేబులో పెట్టుకుని తిరిగేవాడు. టీ బండి దగ్గర విప్పి, "గిది నేను గీసింది గాదు" అంటూ వేలు పెట్టి చూపేవాడు. నేను చూసినట్టు తల ఊపేవాణ్ణి. ఆయన అటు తిరగ్గానే మావాళ్లు "పైసలిచ్చి డాక్టర్ను మంచిగనే పట్టిండు" అనేవారు. థూ!

మొన్న టెంటు కిందే ఒకాయన నా చెవిలో అన్నాడు: "ఎట్లయితేంది, కొడుకు నౌకరి పక్కా అయింది."

లేచి లోపలికి వెళ్లాను. కాక భార్య, మా చిన్నమ్మ, ఆయన చొక్కా జేబులోంచి ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వన్న మంచిగ సూడు బిడ్డా."

చూశాను. మడతలు చిరిగాయి. గీతలన్నీ ఉన్నాయి, ఎగిరిపడ్డ చోట తప్ప. అక్కడ ఆయన వేలు పెట్టీ పెట్టీ సిరా చెరిగిపోయి, వేలిముద్రంత మేర తెల్లగా ఉంది.